ఎంగిలి పొడి

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఫ్యాను ఆగిందంటే సాయిదుర్గకు ఒళ్లు మండేది. అన్నాలు తిన్నాక ఆమె మొగుడు కామేష్ వీధి తలుపూ, పెరటి తలుపూ మూసేసి, ఫ్యాను కట్టేసి, వంటింటి గచ్చు మీద పాత పేపర్లు నాలుగు పొరలుగా పరిచేవాడు. మధ్యలో లేజర్ ప్రింటరు కాట్రిడ్జిని పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. గాలి ఆడకూడదు. ఆడితే పొడి లేస్తుంది. లేచిన పొడి గోడకీ, గిన్నెకీ, దండెం మీది తువ్వాలకీ పడుతుంది, పడితే ఒక పట్టాన వదలదు.

"ఇంట్లో పిండంటే బియ్యప్పిండో మినప్పిండో ఉండాల గానీ ఈ మసిపిండేటండీ? ముక్కు సీదితే నల్లగొత్తంది," అనేది సాయిదుర్గ.

"ఆ మసే మనకి అన్నం పెడతంది. నీ పాత చీర ముక్క ఒకటి ఇలాగియ్యి బేగి, డ్రమ్ముకి వెలుతురు తగలకూడదు."

ఆమె సణుగుతూనే ఇచ్చేది. మాట పుల్లవిరుపే గానీ మనసు మెత్తన.

అది రెండువేల ఎనిమిది. సీతంపేట మెయిన్ రోడ్డు మీద కామేష్‌కి ఒక డీటీపీ, జిరాక్స్ షాపు ఉండేది, దాని వెనకే కాపురం. పాలకొండ దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి నాలుగేళ్లయింది. ప్రింటరు సెకండ్ హ్యాండుది. దానికి కొత్త కాట్రిడ్జి కొనే డబ్బుతో సంతలో బలిసిన మేకపోతు వస్తుంది. అందుకని విశాఖపట్నంలో అప్పన్న అనే మెకానిక్కు దగ్గర మూడు రోజులు కూర్చుని, సీసా పొడి కొనుక్కుని ఇంట్లోనే నింపుకోవడం నేర్చుకొచ్చాడు. పక్కనున్న పిన్ను లాగడం, రెండు ముక్కలు విడదీయడం, డ్రమ్ముని గుడ్డలో చుట్టడం, మూత పీకి క్యాలెండరు కాగితం గరాటాతో పొడి పోయడం, మళ్లీ బిగించి బియ్యం చెరిగినట్టు అటూ ఇటూ ఊపడం. పని వచ్చినవాడికి ఇరవై నిమిషాలు. కామేష్‌కి చక్కగా వచ్చింది. ఆ సంగతి అతనికీ తెలుసు, అదే కాస్త ఎక్కువ తెలుసు.

అప్పన్న ఒక్క మాట మాత్రం మూడు రోజులూ మూడుసార్లు చెప్పాడు. కాగితానికి అంటకుండా మిగిలిన పొడిని లోపలున్న రబ్బరు పట్టీ గీకి ఒక అరలోకి తోసేస్తుంది. నింపేటప్పుడు ముందు ఆ అర ఖాళీ చేయాలి. "అది ఎంగిలి పొడి తమ్ముడూ. ఓసారి కాయితాన్ని నాకొచ్చింది. దుమ్మూ నూగూ కలిసిపోయుంటాది. మళ్లీ పోసేవనుకో, అచ్చరం పడతాది గానీ పట్టదు. గొయ్యి తీసి పాతెయ్యి."

మొదటి రెండేళ్లూ కామేష్ పెరట్లో గొయ్యి తీసి పాతేశాడు. మూడో ఏడు పాతడానికి చెయ్యి రాలేదు. చూడ్డానికి కొత్త పొడిలాగే నల్లగా, మెత్తగా ఉంది కదా, ఎప్పటికైనా పనికొస్తుందని ఒక పాత పాలడబ్బాలో దాచడం మొదలుపెట్టాడు. మనిషి బుద్ధి గడ్డి తినే ముందు ఇలాగే, పారేయడానికి చెయ్యి రాకపోవడంతో మొదలవుతుంది. ఆ డబ్బా వంటింటి అటక మీద చింతపండు కుండ పక్కన ఉండేది. సాయిదుర్గ దానిమీద సున్నంతో గుండ్రంగా గుర్తు పెట్టుకుంది, పొరపాటున దించి పళ్లపొడి అనుకుంటానేమోనని.

ఆ ఏడు వానాకాలం కొండల్లో ఒకటే సందడి. పోడు భూములకి పట్టాలిస్తారట. తరాలుగా ఆ భూమిని మేమే దున్నుతున్నామని రుజువు చూపించాలట. గూడేలకి గూడేలు కొండ దిగి కామేష్ షాపు ముందు వరసకట్టాయి. ఇందులో ఒక వింత ఉంది. ఎప్పుడో అడవి నరికారని గార్డు జరిమానా వేసి రసీదు చేతిలో పెట్టినవాళ్లకి, ఇప్పుడా రసీదే రుజువయింది. ముప్పై ఏళ్లు తిట్టుకుంటూ దాచిన కాగితాన్ని కళ్లకద్దుకుని తెచ్చారు. గార్డు కంట పడకుండా బుద్ధిగా బతికినవాళ్ల దగ్గర మాత్రం ఏమీ లేదు. అలాంటివాళ్లు ఊళ్లో పెద్దమనిషి ఎవరిచేతనైనా వాంగ్మూలం రాయించి, వేలిముద్ర వేయించి తెచ్చుకోవచ్చన్నారు.

గెడ్డగూడ సోములమ్మది ఆ రెండో రకం. సవర తెగ మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. మొగుడు భీముడికి తెలుగు సరిగా రాదు, ఆఫీసన్నా కాగితమన్నా బెదురు. సంతలో పసుపూ అల్లం అమ్మీ అమ్మీ తెలుగు పట్టుకున్నది సోములమ్మే గనక, ఇంటికి పెద్దరికమూ ఆవిడదే అయింది. గెడ్డ అనే కొండవాగు అవతలి వాలులో వాళ్లకి రెండెకరాలుంది. చోళ్లు, కందులు, పై భాగంలో జీడిమామిడి. గార్డు ఏనాడూ గెడ్డ దాటి రాలేదు, రసీదు ఇవ్వలేదు. అటు అడవి శాఖ పటంలో చూస్తే ఆ వాలంతా టేకు తోటకని గీసి ఉంది. ఆ భూమి వీళ్లదని చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడే మిగిలాడు, మంగ్లు తాత. తొంభైకి అటూ ఇటూ ఉన్న ముసలాయన.

రేపటితో గడువనగా, ఎడతెరిపిలేని వానలో సోములమ్మ ఆ ముసలాయన్ని నడిపించుకొచ్చింది. నెత్తిన ఎరువుల సంచీ గొంగడిలాగ కప్పుకుని, కర్ర పట్టుకుని, దారిలో మూడుచోట్ల కూర్చుని లేచి వచ్చాడట. షాపులో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కుర్చీ తడిసిపోతుందన్నాడు.

ఆయన సవరలో చెబుతుంటే సోములమ్మ తెలుగులో చెప్పింది. కామేష్ టైపు చేశాడు. కామేష్ అందరికీ ఒకే ఫైలు వాడేవాడు. పేరు మార్చడం, హద్దులు మార్చడం, ప్రింటు కొట్టడం, దానిమీదే తర్వాతివాడిది. కానీ మంగ్లు తాత మాట ఆ అచ్చులో ఇమడలేదు.

"ఆ మెట్టలో తొలీత పొద నరికింది ఈ తాతా, మా ఆయన అయ్యానట," అంది సోములమ్మ. "ఆ ఏడే పులొచ్చి తాత కుక్కని ఎత్తుకుపోనాదట. గెడ్డ ఒడ్డున పనస సెట్టుంది సూడు, అది తాత సిన్న కూతురు పుట్టిన ఏడు పాతినాడట. ఆ కూతురికి ఇప్పుడు మనవలున్నారు. సెట్టుని అడిగినా సెప్తాదంట."

"కుక్క సంగతి ఎందుకప్పా, హద్దులు సెప్పమను," అన్నాడు కామేష్ నవ్వుతూ. వయసులో పెద్ద ఆడవాళ్లని అక్క వరసలో అప్పా అనేవాడు. సోములమ్మ అడిగింది. ముసలాయన కర్ర నేలకి తాటించి ఏదో అన్నాడు.

"కుక్కని రాయకపోతే అది ఎక్కడి భూవో ఎలాగ తెలుత్తాదంటన్నాడు బాబూ."

కామేష్ కుక్కని రాశాడు. పులినీ, పనస చెట్టునీ రాశాడు. నాలుగేళ్లలో ఆ షాపులో అతను టైపు చేసిన వాటన్నిటిలోకీ అంత మంచి పేజీ ఇంకొకటి లేదు. అది అతనికి అప్పుడే తెలుసు. ఆ తర్వాత మరీ బాగా తెలిసింది.

ప్రింటు కొడితే కాగితం మధ్యలో బూడిద చార వచ్చింది. పొడి అయిపోయింది. విశాఖపట్నం నుంచి రావలసిన సీసా రాలేదు, కొండచరియ విరిగిపడి ఆ రోజు బస్సు లేదు. బయట అరుగు మీద ఇంకా పదిహేనుమంది వానలో ముడుచుకుని కూర్చున్నారు. రేపు రమ్మందామంటే రేపే గడువు. కామేష్ వెనక ఇంట్లోకి వెళ్లి అటక మీది పాలడబ్బా దించాడు.

"అదేటి, పారేసీదని సెప్పినారు గదా?" అంది సాయిదుర్గ.

"ఈ ఒక్క పూటకే," అన్నాడు.

సాయిదుర్గ పాత చీర పల్చటి గుడ్డలో పొడిని తనే జల్లించి, పోసి, బిగించి, ఊపి తెచ్చాడు. ప్రింటు కొట్టాడు. నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది. 'అప్పన్నది చాదస్తం' అనుకున్నాడు కామేష్. ఆ సంతోషం మూడు నిమిషాలు ఉంది.

ముసలాయన బొటనవేలు స్టాంపు ప్యాడుకి అద్ది, కాగితం అడుగున నొక్కించాడు. ఊదారంగు ముద్ర గీతలు గీతలుగా స్పష్టంగా పడింది. కాగితం తన వైపు తిప్పుకుంటుంటే కామేష్ వేలు ఆఖరి వరసకి తగిలింది. వేలు తీసి చూసుకుంటే రెండు అక్షరాలు వేలిమీదున్నాయి. కాగితం మీద వాటి జాడ మసకగా ఉంది.

కామేష్ చూశాడు. చూడలేదని ఇంకెవరికైనా చెప్పుకోవచ్చు గానీ తనకి తాను చెప్పుకోలేడు. అప్పుడే చెప్పొచ్చు. 'అప్పా, పొడి బాగోలేదు, తాతని ఈ రాత్రి మా ఇంట్లో పడుకోబెట్టు, పార్వతీపురం వెళ్లి ప్రింటు తెస్తాను' అనొచ్చు. చేత్తోనైనా రాసిపెట్టొచ్చు, పెన్నుకి లేనిదేముంది? కానీ అరుగు మీద పదిహేనుమంది ఉన్నారు. ఇది పనికిరాదంటే వాళ్లవీ పనికిరావు, పొద్దున్నుంచి తను చేసుకున్న పేరూ పనికిరాదు. కామేష్ వేలిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. కాగితాన్ని సుతారంగా ఎత్తి ఒక ప్లాస్టిక్ కవర్లోకి జార్చాడు.

"అప్పా, దీన్ని చేత్తో ముట్టుకోకండి. కవర్లోంచి తీయకండి. ఆఫీసరు వచ్చి అడిగినప్పుడే చూపించాలి. చెమ్మ తగలకుండా, చెదలు పట్టకుండా జాగ్రత్త."

"కవరుకెంత బాబూ?"

"కవరుకేటీ వద్దులే."

సోములమ్మ మొహం విప్పారింది. ముసలాయనకి ఆ మాట సవరలో చెప్పింది. ఆయన కామేష్ భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. పిల్లాపాపలతో సల్లగుండమన్నాడని సోములమ్మ చెప్పింది.

మర్నాడు బస్సొచ్చింది, సీసా వచ్చింది. అదే పొడితో కొట్టిన ఆ పదిహేనుమంది కాగితాలూ అప్పటికే ఆఫీసు ఫైళ్లలో పడ్డాయి. కాస్త చెరిగాయేమో గానీ, ఫైల్లో ఉన్న కాగితాన్ని ఎవరు తడుముతారు? సోములమ్మది మాత్రం అడవి శాఖతో తగువు ఉన్న భూమి గనక, విచారణకి వచ్చినప్పుడు అసలు కాగితం చూపించాలని చెప్పి తిరిగి ఇచ్చేశారు. కామేష్ మిగిలిన పాలడబ్బాని గోతిలో పాతేశాడు. ఆ నెలంతా అరుగు మీద జనం తగ్గలేదు. అతను మర్చిపోయాడు. మర్చిపోవడానికి కష్టపడనక్కరలేకపోయింది.

ఆ చలికాలంలోనే మంగ్లు తాత పోయాడు.

విచారణ మాఘమాసం దాటాక వచ్చింది. గెడ్డగూడకి దిగువనున్న బడిలో బల్లలు వేసి, ఆఫీసరు, సర్వేయరు, అడవి శాఖ మనిషి కూర్చున్నారు. కంప్యూటరు పనికి కామేష్‌నే రోజు కూలికి పిలిచారు. అది బాగా జరిగితే రేపు పట్టాలు వచ్చినప్పుడు వాటి ప్రింటింగు పని కూడా అతనికే అని ఆఫీసులో అనుకుంటున్నారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు.

సోములమ్మ వంతు వచ్చింది. చీర కొంగులో చుట్టి తెచ్చిన కవరు బల్ల మీద పెట్టింది. కవరు పైన పొగచూరి గోధుమరంగు తిరిగింది. దారిలో గెడ్డ నీళ్లతో తుడిచిందట. లోపల అక్షరాలు పొల్లు పోకుండా కనిపిస్తున్నాయి. దూరం నుంచి చూసి కామేష్ గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

ఆఫీసరు మంచివాడు. కవరు మీదనుంచే పైకి చదివాడు. కుక్క దగ్గరికి వచ్చేసరికి నవ్వాడు. పనస చెట్టు దగ్గర ఆగి సర్వేయరు వైపు చూశాడు. "ఉంది సార్, కొలిచేటప్పుడు చూశాను," అన్నాడు సర్వేయరు. అడవి శాఖ మనిషి ఏమీ అనలేదు.

"సరే. నంబరు వేసి సంతకం పెట్టేద్దాం," అని ఆఫీసరు కవర్లోంచి కాగితం లాగాడు.

అది తేలిగ్గా రాలేదు. చర్రుమంటూ, పాత కట్టు ఊడదీసినట్టు వచ్చింది. వచ్చింది తెల్లకాగితం. అక్కడో దీర్ఘం, ఇక్కడో సున్నా, అంతే. అడుగున మంగ్లు తాత వేలిముద్ర మాత్రం ఊదాగా, నిండుగా ఉంది. మాటలన్నీ ప్లాస్టిక్‌కి అంటుకుని కవరులోనే ఉండిపోయాయి.

సోములమ్మ ఆ తెల్లకాగితాన్ని తిప్పి చూసింది, మళ్లీ తిప్పి చూసింది.

"కవరుకి నేను నంబరు వేయలేనమ్మా," అన్నాడు ఆఫీసరు. "మాట ఒకచోటుంది, వేలిముద్ర ఒకచోటుంది. ఆ పెద్దాయన్ని పిలిపించు, మళ్లీ రాయిద్దాం."

"లేడు బాబూ. పుష్యంలో పోనాడు."

ఆఫీసరు కామేష్ వైపు తిరిగాడు. "ఇది నీ షాపులోదేనా? కంప్యూటర్లో ఉందా?"

"లేదు సార్. ఒకే ఫైలు, మీదమీద కొట్టేస్తాం."

"పోనీ, ఇలా ఎందుకయింది? ప్రింటులోనే లోపం ఉంటే చెప్పు. దీన్ని నేనే టైపు చేశాను, ఈ వేలిముద్ర పైన ఉన్న మాటలు ఇవే, నా ప్రింటు లోపం వల్లే అక్షరాలు ఊడిపోయాయి అని ఒక కాగితం రాసి సంతకం పెట్టు. కవరూ, కాగితమూ, అదీ కలిపి ఫైల్లో పెట్టేస్తాను. ఆవిడ పని అయిపోతుంది."

ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ అడగరు. నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టడమే. కానీ ఆ నాలుగు ముక్కలూ రాస్తే, ఆ రోజు కొట్టిన మిగతా కాగితాల మాటేమిటని అడుగుతారు. పట్టాల ప్రింటింగు ఎవరికిస్తారు? అడవి శాఖ మనిషి కళ్లు చిట్లించి తననే చూస్తున్నాడు. కామేష్ నాలుక తనకంటే ముందే కదిలింది.

"ప్రింటు బాగానే ఉంది సార్. ఇంటికెళ్లాక ఎక్కడ పెట్టారో," అని సోములమ్మ వైపు తిరిగాడు. "అప్పా, కాయితం ఎక్కడెట్టావు?"

"పొయ్యి మీద అటకన బాబూ. ఇత్తనాల కాడ."

కొండ మీద ఏ ఇంట్లోనైనా అంతకంటే భద్రమైన చోటు లేదు. రేపటి పంటకి కావలసిన విత్తనాల ఆనపబుర్రలూ, జొన్న కంకులూ పొయ్యి మీది అటకకే వేలాడతాయి. పొగ తగిలితే పురుగు పట్టదు, చెమ్మ చేరదు, చెద రాదు. జాగ్రత్తగా పెట్టమన్నారు గనక, ఇంట్లో అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకునేవాటి పక్కన పెట్టింది. ఏడునెలలు కింద నిప్పూ, పైన కాగితం.

"అదీ సార్," అన్నాడు కామేష్. "పొయ్యి వేడికి అక్షరాలు కరిగిపోయాయి."

అతను అన్నదాంట్లో అబద్ధం సగమే. అందుకే అంత బాగా అతికింది. మంచి పొడైతే కాగితాన్ని కరుచుకుని ఉండేదని, కొన్నైనా మిగిలేవని అతనొక్కడికే తెలుసు. చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అయ్యో అని నోళ్లు నొక్కుకున్నారు. ఎవరో ముసలామె సోములమ్మని సవరలో కోప్పడింది. ఆఫీసరు కామేష్ మొహంలోకి ఇంకాస్త సేపు చూసి, ఆ తర్వాత కలం తీసి "ఆధారం లేదు" అని రాసేశాడు.

సోములమ్మ ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. కవరూ కాగితమూ మళ్లీ కొంగులో చుట్టుకుని, పోతూ పోతూ కామేష్ బల్ల దగ్గర ఆగింది. "తప్పు నాదే బాబూ. నువ్వు జాగర్త అని సెప్పినావు కూడాను," అంది.

కామేష్ తల ఎత్తలేదు. మౌసు పట్టుకుని ఏదో చేస్తున్నట్టు కూర్చున్నాడు. తెర మీద ఏమీ తెరిచి లేదు.

ఆ ఏడు గెడ్డగూడకి పట్టాలు వచ్చాయి. కామేషే ప్రింటు కొట్టాడు, మంచి పొడితో, ఒక్కొక్కటీ గోటితో గీకి చూసుకుని మరీ. సోములమ్మ పేరు అందులో లేదు. వానలు పడగానే గెడ్డ అవతలి వాలులో టేకు మొక్కలకి గోతులు తవ్వించారు. కూలికి గెడ్డగూడవాళ్లనే పిలిచారు. తన చోళ్ల చేనులో తనే గునపంతో గోతులు తవ్విందట సోములమ్మ. సంతకొచ్చిన వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాడు.

ఇంకొకటి కూడా జరిగింది. కొండ మీది గూడేలన్నిటిలో పొయ్యి మీది అటకల నుంచి కాగితాలు దిగిపోయాయి. ఎవరైనా దేన్నైనా అజాగ్రత్తగా పెడితే "సోములమ్మ కాయితం సేసీసినావు" అనడం మొదలైంది. గూడేల్లో పుట్టిన మాట కొండ దిగి సీతంపేట ఇళ్లలోకి వచ్చింది. ఒక సాయంత్రం కామేష్ సెల్‌ఫోను పొయ్యి గట్టు మీద పెడితే, సాయిదుర్గ తీసి అవతల పెడుతూ నవ్వింది.

"సోములమ్మ కాయితం సేసీకండి."

కామేష్ పీట మీదనుంచి లేచిపోయాడు. ఆమె నవ్వు ఆపి అతని మొహం చూసింది. అటక వైపు చూసింది. సున్నపు గుర్తున్న డబ్బా ఉండవలసిన చోట చింతపండు కుండ ఒక్కటే ఉంది.

"ఆ పూట పోసింది..." అంది మెల్లిగా. "ఆవిడదానికేటండీ?"

అతను అవునన్నట్టు తలూపాడు. సాయిదుర్గకి కోపమొస్తే నోరు లేస్తుంది, ఆ రోజు లేవలేదు. "ఆ గుడ్డ నాదే గదా జల్లించింది," అని మాత్రం అంది. ఆ తర్వాత, "ఎల్లి సెప్పండి. ఆఫీసులో సెప్పండి, ఆవిడకీ సెప్పండి," అంది.

కామేష్ ఆఫీసుకి వెళ్లాడు. నాలుగు ముక్కలు కాదు, నాలుగు పేజీలు రాసుకెళ్లాడు, పెన్నుతో. ఆ మంచి ఆఫీసరు బదిలీ అయిపోయాడు. కొత్తాయన పేజీలు తిరగేసి, ఫైలు మూసేశారనీ, అప్పీలు గడువు కూడా దాటిపోయిందనీ, ఇది అప్పుడే ఇచ్చి ఉంటే సరిపోయేదనీ అన్నాడు. తిడతాడని, పని తీసేస్తాడని వెళ్లాడు కామేష్. ఆయన అదీ చేయలేదు. కాగితాలు తిరిగి ఇచ్చేశాడు.

పంటలు ఇంటికి చేరాక ఒక రోజు కామేష్ కొండ ఎక్కాడు. అయిదేళ్లుగా ఆ గూడెం పేరు కొన్ని వందలసార్లు టైపు చేశాడు గానీ కాలు పెట్టడం అదే మొదలు. సోములమ్మ వాకిట్లో కూర్చుని కూలికి వచ్చిన కందులు చెరుగుతోంది. "బాబొచ్చినాడు," అని లోపలికి కేకేసి, చాప వేసి, కాల్చిన పనస పిక్కలు తెచ్చి పెట్టబోయింది. కామేష్ వద్దన్నాడు. నిలబడే చెప్పాడు. డబ్బా సంగతి, వేలికి అంటిన రెండు అక్షరాల సంగతి, బళ్లో అన్న మాట, ఆఫీసులో ఇచ్చిన పేజీలు, అన్నీ.

ఆమె చేటలో చెయ్యి ఆగిపోయింది.

"అయితే నా పొయ్యి కాదన్నమాట," అంది.

"పొయ్యి వేడికి అంటుకుంది గానీ, పొడి మంచిదైతే అలా ఊడిపోదప్పా. తప్పు నాది."

సోములమ్మ లేచింది. "రా," అని మాత్రం అని ముందు నడిచింది. గూడెం చివర చెట్ల కింద, పోయినవాళ్ల పేర నిలబెట్టిన రాళ్లున్నాయి. పాతవి నాచు పట్టి ఉన్నాయి. ఒకటి కొత్తది, మోకాలెత్తు ఉంది.

"మొన్ననే ఎత్తినాం, తాతకి," అంది సోములమ్మ. "మా పూజారి ఎజ్జోడి మీదికొచ్చి, ఆడి నోట తాత పలికినాడు. ఆకలేత్తందన్నాడు, సలేత్తందన్నాడు. అందరూ తలొకటీ సెప్పుకున్నారు. నాను ఈ రాయి పట్టుకుని ఏడిసినాను బాబూ. తాతా, నువ్వు వానలో దిగొచ్చి సెప్పిన మాట నాను పొయ్యిమీదెట్టి కాల్సీసినాను, నన్ను సెమించు అన్నాను. ఊరంతా ఇన్నాది. నా పిల్లలిన్నారు. మేకనిచ్చుకున్నాను తప్పుకి."

కామేష్‌కి భూమి పోయిందని తెలుసు, పేరు పోయిందని తెలుసు. చచ్చిపోయినవాడి దగ్గర కూడా తన తప్పే ఆవిడ మోసిందని ఇప్పుడే తెలిసింది.

"ఇప్పుడు నువ్వు సెప్పు," అంది.

అతను రాయి ముందు నిలబడి అంతా మళ్లీ చెప్పాడు. ఆమె ఒక్కొక్క ముక్కా సవరలోకి మార్చి చెప్పింది, ఆ రోజు షాపులో ముసలాయన మాటని తెలుగులోకి మార్చినంత ఓపిగ్గానే. ఎక్కడా కలపలేదు, తీసేయలేదు. అంతా అయ్యాక అతను కళ్లు తుడుచుకుని, "తాత ఏటంటాడప్పా?" అని అడిగాడు.

సోములమ్మ అతన్ని మొదటిసారి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"తాత ఏటంటాడు బాబూ? తొంబయ్యేళ్లోడు వానలో కొండ దిగొచ్చి, కుర్సీ తడుత్తాదని నిలబడే సాచ్చికం సెప్పి పోనాడు. నువ్వు ఆరిన బట్టల్తోటి కుర్సీలో కూకోనుండి సెప్పలేకపోనావు."

ఆమె వెనక్కి తిరిగి వాకిట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి చేట చప్పుడు మళ్లీ మొదలైంది. కామేష్ అక్కడినుంచి కిందికి చూశాడు. గెడ్డ అవతల వాలంతా వరసలు వరసలుగా గోతులు, వాటిలో జానెడేసి టేకు మొక్కలు. ఒడ్డున పనస చెట్టుని మాత్రం ఎందుకో కొట్టలేదు.

"పొద్దుగూకుతంది, బేగి దిగు బాబూ," అని వాకిట్లోంచి కేకేసింది సోములమ్మ. "దారి జారుడుగుంటాది."

అతను చెప్పులు చేత్తో పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు.